110 మంది డీలర్లతో ఫుకెట్, శ్రీలంక, అండమాన్ – ఎక్కడికి వెళ్లాలి? ఏ హోటల్?

డీలర్‌మీట్_డెస్క్
స్విచ్‌గేర్ కంపెనీ, ఆఫీసు బాలానగర్‌లో. వచ్చే ఫిబ్రవరిలో తెలంగాణ, ఆంధ్ర డీలర్లు 110 మంది, మా స్టాఫ్ 14 మంది కలిసి మూడు రాత్రులు ఎక్కడికైనా వెళ్లాలి. ఒక పూట కొత్త ఎంసీబీల (కరెంటు ఎక్కువైతే ఆపేసే చిన్న బ్రేకర్లు) లాంచ్, ఒక పూట స్కీముల చర్చ, ఒక రాత్రి అవార్డులు. ఎండీ గారికి ద్వీపమే కావాలి, హాల్లోంచి బయటికొస్తే సముద్రం కనపడాలి. థాయిలాండ్‌లోని ఫుకెట్, శ్రీలంక, అండమాన్ పేర్లు నడుస్తున్నాయి. ముగ్గురు ఏజెంట్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం, ఒకే హోటల్‌కి ఒకరికీ ఒకరికీ 17, 18 శాతం తేడా ఉంది. ఎవరిని నమ్మాలి? ఏ హోటల్ మంచిది?

పుష్పక్_ఎక్కండి
హోటల్ ఆఖర్న చూడండి. ముందు తేదీ, దాని తర్వాత విమానం, దాని తర్వాత హాలు. చాలామంది హోటల్ నచ్చి అడ్వాన్స్ కట్టేస్తారు. ఆ వారంలో నేరుగా వెళ్లే విమానం లేదని అప్పుడు తెలుస్తుంది.

నల్లకుంట_ప్లానర్
ఆ తేడా మోసం కాదు, రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయో లేవో చూడండి. థాయిలాండ్‌లో మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జి, రెండోది 7 శాతం వ్యాట్. వ్యాట్‌ను సర్వీస్ చార్జి కలిపిన మొత్తం మీద వేస్తారు కాబట్టి అంతా కలిసి 17.7 శాతం అవుతుంది. డిన్నర్ 1,500 బాత్ ప్లస్ ప్లస్ అంటే మీరు కట్టేది 1,765.50. ఒక ఏజెంట్ ప్లస్‌లతో ఇచ్చాడు, ఇంకొకడు అన్నీ కలిపి ఇచ్చాడు, అంతే. ముగ్గురినీ 'అన్ని పన్నులూ కలిపి, తలకి, రూపాయల్లో, ఏ రోజు మారకం రేటుతో' అని మళ్లీ రాసి ఇమ్మనండి.

బాలి కొటేషన్ అయితే సాధారణంగా 21 శాతం కలుస్తుంది. శ్రీలంకలో సర్వీస్ చార్జి మీద 18 శాతం వ్యాట్, ఇంకో చిన్న లెవీ ఉంటాయి. మాల్దీవులైతే టూరిజం జీఎస్టీతో పాటు తలకి రోజుకి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది, 2025 జనవరి నుంచి పెద్ద రిసార్టుల్లో అంతే.

తార్నాక_టికెట్లు
తేదీ సంగతి. చైనా కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎక్కడో పడుతుంది. ఆ వారం ఫుకెట్ రూములు మండిపోతాయి, పైగా గ్రూపులకి ఇవ్వరు. మన వైపు మహాశివరాత్రి, మాఘమాసం పెళ్లి ముహూర్తాలు చూసుకోండి. ముహూర్తం ఉన్న శుక్ర, శని, ఆదివారాల్లో జిల్లా డీలర్ ఎవరూ రారు. మార్చిలోకి జరపొద్దు, ఇయర్ ఎండింగ్ బిల్లింగ్‌లో ఉంటారు. ఫిబ్రవరిలో సోమవారం బయల్దేరి గురువారం తిరిగొచ్చే వారం చూడండి. రూమ్ రేటూ తగ్గుతుంది.

విమానం: హైదరాబాద్ నుంచి నేరుగా ఫుకెట్‌కి 2025 జనవరిలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది. ఏ వారంలో ఏ రోజులు నడుస్తోందో సీజన్‌కి మారుతుంది, షెడ్యూల్ చూసి అప్పుడు తేదీ పెట్టండి. 124 మందినీ ఒకే విమానంలో ఇరికించొద్దు. 180 చిల్లర సీట్ల విమానంలో గ్రూపు డెస్క్ అన్ని సీట్లు తక్కువ రేటుకి ఇవ్వదు. సగం మందిని నేరుగా, సగం మందిని బ్యాంకాక్ మీదుగా పంపితే సగటు తగ్గుతుంది. ఎండీ, సేల్స్ హెడ్, అకౌంట్స్ హెడ్ ముగ్గురూ ఒకే విమానం ఎక్కకూడదని చాలా కంపెనీల్లో నియమమే ఉంది. మీ దగ్గర లేకపోతే ఇప్పుడు పెట్టండి.

సాగర్‌తీరం
అండమాన్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదేంటి? పాస్‌పోర్ట్ గొడవ లేదు, రూపాయల్లో బిల్లు, విదేశీ ప్యాకేజీ మీద కట్టే టీసీఎస్ (ఏజెంట్ ముందుగానే వసూలు చేసే పన్ను) లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక ఇంటర్నెట్ కూడా పాత రోజుల్లా లేదు. 2023లో కొత్త టెర్మినల్ వచ్చింది. 110 మందిలో కనీసం 30 మందికి పాస్‌పోర్టే ఉండదు, రాసి పెట్టుకోండి.

నల్లకుంట_ప్లానర్
@సాగర్‌తీరం శ్రీ విజయపురంలో (పాత పోర్ట్ బ్లెయిర్) మీటింగ్ అయితే ఒప్పుకుంటా. కానీ ఎండీ గారికి కావాల్సిన తెల్లటి ఇసుక స్వరాజ్ ద్వీప్‌లో, అంటే హావ్‌లాక్‌లో ఉంది. అక్కడ 65 రూములు ఒకే చోట దొరకడం కష్టం, రెండు మూడు రిసార్టుల్లో పంచాలి. పంచితే అవార్డుల రాత్రి బస్సులు కావాలి. అక్కడ పెద్ద బస్సులు ఎన్ని ఉన్నాయి? ఇక ఫెర్రీ: గాలి లేస్తే ఆపేస్తారు. 124 మందికి మళ్లీ సీట్లు దొరికేసరికి విమానం పోతుంది.

సాగర్‌తీరం
ఫెర్రీ సంగతి నిజమే. దానికి మందు ఉంది: చివరి రాత్రి హావ్‌లాక్‌లో పెట్టొద్దు, శ్రీ విజయపురంలోనే పెట్టాలి. హావ్‌లాక్ ముందు, మీటింగ్ తర్వాత. సూర్యాస్తమయం కూడా లెక్కలోకి తీసుకోండి. గడియారం మనదే గానీ అండమాన్ ఎంతో తూర్పున ఉంది, ఫిబ్రవరి మొదట్లో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. గ్రూపు ఫొటో బీచ్‌లో కావాలంటే సెషన్ మూడున్నరకి ముగించాలి. హైదరాబాద్ టైమింగ్స్‌తో అజెండా రాస్తే అందరూ చీకట్లో సముద్రం చూస్తారు.

ఎల్బీనగర్_అకౌంట్స్
ద్వీపం ఏదైనా సరే, ముందు పన్ను సంగతి తేల్చుకోండి. వ్యాపారంలో ఇచ్చే ప్రయోజనాల మీద టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందు కోసి కట్టే పన్ను) 2022 జూలై 1 నుంచి ఉంది, మనమంతా 194ఆర్ అంటున్నది. ఒక డీలర్‌కి ఏడాదిలో 20,000 దాటితే 10 శాతం. వస్తు రూపంలో ఇస్తే పన్ను కట్టిన తర్వాతే ప్రయోజనం ఇవ్వాలి, అంటే విమానం ఎక్కకముందే చలాన్ ఉండాలి.

డీలర్ కాన్ఫరెన్స్‌కి మినహాయింపు ఉంది, 2022 నాటి 12వ సర్క్యులర్ చదవండి. ముఖ్య ఉద్దేశం కొత్త సరుకు పరిచయం, అమ్మకం మెళకువలు, ఆర్డర్లు, డీలర్ల సందేహాలు, ఖాతాల సర్దుబాటు లాంటిది అయి ఉండాలి. టార్గెట్ కొట్టినవాళ్లకి బహుమతిగా తీసుకెళ్తే మినహాయింపు పోతుంది. విహారం ఖర్చు, భార్యాపిల్లల ఖర్చు, కాన్ఫరెన్స్‌కి ముందూ వెనకా అదనంగా ఉన్న రోజుల ఖర్చు ప్రయోజనం కిందికే వస్తాయి. తర్వాత వచ్చిన 18వ సర్క్యులర్‌లో మొదలయ్యే రోజుకి ముందు రోజు, ముగిసిన మర్నాడు అదనం కిందికి రావని, డీలర్లందరినీ పిలవాల్సిన పని లేదని తేల్చారు.

కాబట్టి మీ ఆహ్వానపత్రం మీద 'టాప్ అచీవర్స్ ఫుకెట్ ట్రిప్' అని ముద్రించొద్దు. కాన్ఫరెన్స్ అయితే కాన్ఫరెన్స్ అనే రాయండి, అజెండా, హాజరు సంతకాలు, ప్రెజెంటేషన్లు ఫైల్లో పెట్టండి. నిజంగా టార్గెట్ బహుమతే అయితే దాచొద్దు, పది శాతం లెక్కేసి బడ్జెట్‌లో కలపండి.

డీలర్‌మీట్_డెస్క్
ఇది మాకెవరూ చెప్పలేదు. మాది సగం సగం. లాంచ్ ఉంది, పిలిచింది మాత్రం కొనుగోలు స్లాబ్ దాటినవాళ్లనే.

ఎల్బీనగర్_అకౌంట్స్
స్లాబ్ సర్క్యులర్‌లో 'ఇంత కొంటే ఫుకెట్' అని ఇప్పటికే పంపి ఉంటే అది బహుమతే. టీడీఎస్ కట్టండి. టీసీఎస్ వేరే సంగతి: భారత్‌లోని ఏజెంట్ నుంచి విదేశీ ప్యాకేజీ కొంటే వాళ్లు మీ పాన్ మీద వసూలు చేస్తారు. తర్వాత ఆదాయపు పన్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. కొటేషన్‌లో ఆ వరుస ఉందో లేదో చూడండి.

జీడిమెట్ల_ఫార్మా
మధ్యలో దూరుతున్నా. డాక్టర్లని ఇలాగే తీసుకెళ్లొచ్చా? మా మార్కెటింగ్ వాళ్లు అడుగుతున్నారు.

నల్లకుంట_ప్లానర్
కుదరదు. 2024 మార్చిలో వచ్చిన యూసీపీఎంపీ (ఫార్మా మార్కెటింగ్ నియమావళి) ప్రకారం ఫార్మా కంపెనీలు డాక్టర్ల కోసం విదేశాల్లో వైద్య విద్యా సదస్సులు పెట్టకూడదు. వక్త కాని డాక్టర్‌కి టికెట్, హోటల్ కూడా ఇవ్వకూడదు. మీ సొంత ఫీల్డ్ స్టాఫ్‌ని తీసుకెళ్లడం వేరే విషయం.

తార్నాక_టికెట్లు
@సాగర్‌తీరం చెప్పిన పాస్‌పోర్ట్ సంగతి పెద్దది, విడిగా రాస్తున్నా.

ఈ వారమే 110 మంది పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ వాట్సాప్‌లో కాదు, స్కాన్ చేసి తెప్పించండి. తిరుగు తేదీ తర్వాత ఆరు నెలలు గడువు ఉండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్లకి ఇక్కడే తకరారు: ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, షాపు లెటర్‌హెడ్ మీద ఇంకోలా. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, మూడు ముక్కలూ ఇచ్చిన పేరులోనే ఉంటాయి. డీలర్ లిస్టులోంచి పేర్లు కాపీ చేసి ఏజెంట్‌కి పంపొద్దు. పాస్‌పోర్ట్ చూసి టైప్ చేయాలి, రెండో మనిషి సరిచూడాలి. గ్రూపు టికెట్లలో పేర్లు ఇచ్చాక మార్పుకి డబ్బు కట్టాలి, కొన్నిసార్లు అసలు మార్చరు.

పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్ట్‌కి ఈసీఆర్ (వలస అనుమతి కావాలన్న) ముద్ర ఉండొచ్చు. ఆ అనుమతి అడిగే 18 దేశాల్లో థాయిలాండ్, ఇండోనేషియా, మలేషియా ఉన్నాయి. అది ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన నిబంధన. మీటింగ్‌కి వెళ్లేవాళ్లని ఆపకూడదు, కానీ శంషాబాద్ కౌంటర్‌లో ప్రశ్నలు వేస్తారు. వాళ్ల చేతిలో తిరుగు టికెట్, హోటల్ వోచర్, కంపెనీ ఆహ్వాన లేఖ కాగితం మీద ఉండాలి. ఫోన్లో ఉందంటే సరిపోదు.

థాయిలాండ్ 2024 జూలైలో భారతీయులకి వీసా అక్కర్లేకుండా 60 రోజులు ఇచ్చింది, పర్యటనకీ, చిన్నపాటి వ్యాపార పనులకీ. ఇలాంటివి మారుతుంటాయి, టికెట్ డబ్బు కట్టే రోజున ఎంబసీ సైటు చూడండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, ఉచితం. డబ్బు అడిగే సైటు కనపడితే అది దొంగది. 124 కార్డులు ఏజెన్సీ వాళ్లే కూర్చుని నింపాలి, డీలర్లకి వదిలేస్తే 40 మంది నింపరు.

కూకట్‌పల్లి_సౌండ్
హాలు. బ్రోషర్‌లో '200 మంది' అని ఉంటే అది థియేటర్ లెక్క, వరుసగా కుర్చీలు, మనిషికి పది చదరపు అడుగులు. మీకు స్కీముల చర్చకి టేబుళ్లు కావాలి. స్టేజీ వైపు ఖాళీ వదిలి టేబుల్‌కి ఆరుగురు చొప్పున కూర్చోబెడితే మనిషికి 18 అడుగులు పడుతుంది. 124 మందికి 2,250 దాకా. స్టేజీ 24×12, తెర వెనక మనుషులు నడిచే నాలుగడుగులు, వెనక మిక్సర్ టేబుల్, మీ డెమో ప్యానెళ్లు కలిపితే 3,200 చదరపు అడుగుల హాలు అడగండి.

ఎత్తు అడగండి, అందరూ మర్చిపోయేది ఇదే. స్టేజీ రెండడుగులు, ఎల్‌ఈడీ గోడ తొమ్మిది అడుగులు, కింద కొంచెం ఖాళీ. సీలింగ్ 13 అడుగులు లేకపోతే పట్టదు. సీలింగ్ 15 ఉన్నా మధ్యలో షాండ్లియర్ 11కి దిగితే వెనక టేబుళ్లకి తెర కనపడదు. ఫొటో కాదు, హాలు ప్లాన్ డ్రాయింగ్ తెప్పించండి.

16×9 అడుగుల గోడకి పీ2.6 గానీ పీ2.9 గానీ (చుక్కల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) తీసుకోండి. పీ3.9 చవక, కానీ ముందు టేబుల్ మూడు మీటర్ల దూరంలో ఉంటే ఎంసీబీ బొమ్మ మీద చుక్కలు కనపడతాయి. ఆ గోడ ఒక్కటే గరిష్ఠంగా తొమ్మిది కిలోవాట్ల దాకా లాగుతుంది. సౌండ్, లైట్లు కలిపి 63 ఆంపియర్ల త్రీఫేజ్ పాయింట్ హాల్లో ఎక్కడుందో రాయించుకోండి.

హెచ్‌ఐసీసీలో (హైదరాబాద్ కన్వెన్షన్ సెంటర్) పని చేసే టీమ్‌లకి లారీ హాలు పక్కకే వస్తుందన్న అలవాటు ఉంటుంది. ద్వీపం రిసార్టుల్లో సామాను బగ్గీల మీద వస్తుంది. ఏర్పాటుకి ముందు రోజు రాత్రి నుంచి హాలు మీ పేరు మీద ఉండాలి, అది కాంట్రాక్ట్‌లో ఉండాలి.

డీలర్‌మీట్_డెస్క్
డెమో ప్యానెళ్లు ఆరు తీసుకెళ్తున్నాం, ఒక్కోటి 40 కిలోలు. లగేజీలో వేసేస్తే?

పుష్పక్_ఎక్కండి
వద్దు, అక్కడ కస్టమ్స్ వాళ్లు సుంకం అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు ఇక్కడా అడుగుతారు. ఏటీఏ కార్నెట్ (సరుకుని సుంకం లేకుండా తీసుకెళ్లి తిరిగి తెచ్చే పత్రం) తీసుకోండి, మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది. సీరియల్ నంబర్లతో జాబితా, సెక్యూరిటీ డిపాజిట్ కావాలి. వెళ్లేటప్పుడు శంషాబాద్‌లో, దిగాక అక్కడ, మళ్లీ వచ్చేటప్పుడు రెండు చోట్లా ముద్ర వేయించాలి. ఒక్క ముద్ర తప్పినా క్లెయిమ్ వస్తుంది. కార్నెట్ మీద తిరిగి తెచ్చేవే వెళ్తాయి. పంచిపెట్టే బ్యాగులు, బ్రోషర్లు, మిఠాయి అందులో రాయకూడదు, వాటిని అక్కడే ముద్రించుకోండి. ఆరు ప్యానెళ్లకి ఇంత తిప్పలు ఎందుకంటే, రెండు తీసుకెళ్లి మిగతావి వీడియోలో చూపించండి.

రామంతపూర్_రాజు
శ్రీలంకకి ఎవరూ ఓటు వెయ్యలేదు. కొలంబోకి ఇక్కడి నుంచి నేరుగా విమానం, సుమారు రెండు గంటలు. గడియారం మార్చక్కర్లేదు, బీఎంఐసీహెచ్ లాంటి పెద్ద కన్వెన్షన్ హాలు ఉంది. ఫిబ్రవరిలో కొలంబో, బెంటోట వైపు పొడిగానే ఉంటుంది, నైరుతి వాన ఆ తీరానికి మే తర్వాత. తూర్పు తీరం ట్రింకోమలీకి లెక్క వేరు, డిసెంబర్ నుంచి ఈశాన్య వాన పడుతుంది. 'శ్రీలంకలో వాన' అని ఒక్క మాటలో చెప్పేవాళ్లని నమ్మొద్దు.

నల్లకుంట_ప్లానర్
పోయా చూడండి. ప్రతి పౌర్ణమి శ్రీలంకలో సెలవు, మద్యం అమ్మరు, హోటళ్లలో కూడా వడ్డించరు. అవార్డుల రాత్రి పౌర్ణమినాడు పెట్టారంటే మీ డీలర్లు నిమ్మరసంతో చప్పట్లు కొట్టాలి :) థాయిలాండ్‌లోనూ ఫిబ్రవరి, మార్చిల్లో ఒక పౌర్ణమి మఖ బూచా, ఆ రోజు మద్యం మీద ఆంక్షలు ఉంటాయి. హోటళ్లకి ఈ మధ్య సడలించారు, అయినా బుక్ చేసే హోటల్‌తో రాయించుకోండి.

కూకట్‌పల్లి_సౌండ్
పౌర్ణమి అన్నారు కాబట్టి: నిండు చంద్రుడి కింద బీచ్ డిన్నర్ అని అందరూ అడుగుతారు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. ఫుకెట్ వైపు ఆటుపోట్ల తేడా ఆ రోజుల్లో రెండు మీటర్లకు పైనే. మధ్యాహ్నం వంద టేబుళ్లు పట్టే ఇసుక రాత్రికి ఉండకపోవచ్చు. కొలంబో వైపు తేడా చాలా తక్కువ, అక్కడ ఈ భయం లేదు. మీ తేదీకి ఆటుపోట్ల పట్టిక తెప్పించి, డిన్నర్ టైముకి నీరు ఎక్కడుంటుందో హోటల్ బీచ్ మేనేజర్‌తో గీత గీయించండి.

నా మాట వింటే బీచ్‌లో వద్దు, బీచ్ పక్కన లాన్ మీద పెట్టండి. ఇసుకలో స్టేజీ ఒరుగుతుంది, ఫ్లెక్స్ బ్యాక్‌డ్రాప్ గాలికి తెరచాపలా లాగుతుంది. జాలీ ఫ్లెక్స్ వాడాలి, ఎనిమిదడుగులు దాటొద్దు, కాళ్లకి నీళ్ల డ్రమ్ములు కట్టాలి. జనరేటర్ నుంచి వచ్చే ప్రతి లైనుకీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), విడిగా ఎర్తింగ్ ఉండాలి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నాట్యం చేస్తారు జనం. స్విచ్‌గేర్ కంపెనీ ఫంక్షన్‌లో షాక్ కొడితే ఇంక అమ్మేదేముంటుంది!

ఏసీ హాల్లోంచి కెమెరాలు, లెన్సులు బయట ఉక్కలోకి తెస్తే అరగంట మంచు పట్టి ఏమీ కనపడదు. డిన్నర్‌కి గంట ముందే సంచుల్లో పెట్టి బయటికి తేవాలి.

రామంతపూర్_రాజు
అంత భయపడితే ద్వీపానికి ఎందుకు వెళ్లడం? ఫిబ్రవరిలో ఫుకెట్‌లో వాన చాలా అరుదు. నైరుతి మే నుంచి అక్టోబర్.

కూకట్‌పల్లి_సౌండ్
@రామంతపూర్_రాజు వాన గురించి కాదన్నా, గాలి, పోటు గురించి. సాయంత్రం మూడింటికి ఒక మనిషి 'లోపలా బయటా' నిర్ణయం తీసుకోవాలి, ఆ మనిషి పేరు ముందే రాసుండాలి. మూడు దాటితే రెండు చోట్లా ఏర్పాటు చేయడం ఎవరివల్లా కాదు. రాత్రి పది, పదకొండుకి సౌండ్ ఆపమంటారు, అవార్డులు ముందు, డీజే తర్వాత.

వంటింటి_ఇన్‌చార్జ్
తిండి గురించి ఎవరూ రాయలేదు, డీలర్లు హైదరాబాద్ తిరిగొచ్చి మాట్లాడేది దాని గురించే.

'ఇండియన్ మెనూ' అని రాస్తే నాన్, పనీర్, దాల్ మఖనీ వస్తాయి. మెనూ మీరే రాసి పంపండి: అన్నం, పప్పు, ఒక వేపుడు, రసం, పెరుగు, నాన్‌వెజ్ ఒకటి. పొడి అన్నం కావాలని రాయండి, జాస్మిన్ బియ్యం అంటుకుపోయి మనవాళ్లకి సయించదు. మనిషికి బియ్యం 110, 120 గ్రాములు, 124 మందికి పూటకి 14, 15 కిలోలు. పెరుగు 15 లీటర్లు, 'తీపి లేనిది' అని ప్రతి కాగితం మీదా రాయండి, లేకపోతే పండ్ల పెరుగు కప్పులు తెస్తారు. శాకాహారులకి వేరే గరిటె, వేరే కౌంటర్, ఫిష్ సాస్ లేదని వంటవాడి సంతకం. థాయ్ కూరల్లో కనపడకుండా అది పడుతుంది. సోమ, గురు, శనివారాల్లో మాంసం తిననివాళ్లు ఎంతమందో రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడగండి.

ఇక్కడి నుంచి వంటమాస్టర్‌ని తీసుకెళ్లొచ్చు, కానీ హోటల్ కిచెన్‌లోకి రానిస్తామని రాతపూర్వకంగా ఉండాలి. బయటి కేటరర్‌ని తెస్తే తలకింత చార్జి వేస్తారు. ఆవకాయ చెక్‌ఇన్ లగేజీలో, డబ్బా మూత టేపు వేసి రెండు కవర్లలో. ఎండుకొబ్బరి పెట్టొద్దు, విమానంలో నిషిద్ధం.

మలక్‌పేట_మెడికో
ప్రోగ్రామ్‌లో స్కూబా ఉంటే మొదటి రోజు పెట్టండి. ఒక డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఏజెంట్లు ఖాళీ ఉందని తిరుగు రోజు ఉదయం పెడతారు, అది ప్రమాదం. బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్ల జాబితా ముందే తీసుకోండి. గ్రూపు ఇన్సూరెన్స్‌లో నీటి ఆటలు, ముందునుంచీ ఉన్న జబ్బులు ఉన్నాయో లేదో పాలసీలో చదవండి. ఎర్ర జెండా ఉన్న రోజు పడవ వద్దే వద్దు. 2018 జూలైలో ఫుకెట్ దగ్గర టూరిస్ట్ పడవ తుఫాను అలల్లో మునిగి 47 మంది పోయారు.

నల్లకుంట_ప్లానర్
కాంట్రాక్ట్‌లో ఒక్కటి మాత్రం వదలొద్దు: అట్రిషన్, అంటే బుక్ చేసిన రూముల్లో ఎన్ని తగ్గించుకోవచ్చన్న షరతు. 65 రూములు, 3 రాత్రులు, మొత్తం 195 రూమ్‌నైట్లు. 20 శాతం తగ్గింపు ఒప్పుకుంటే 156 దాకా తగ్గినా డబ్బు కట్టక్కర్లేదు. మీరు 140 మాత్రమే వాడితే 16కి డబ్బు కట్టాలి. ఆ తగ్గింపు ఏ తేదీ దాకా అన్నది ఇంకా ముఖ్యం. మీ పాస్‌పోర్ట్‌ల లెక్క తేలే తేదీ తర్వాత ఉండేలా బేరమాడండి. విమానాశ్రయం మూతపడితే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే తేదీకి జరుపుతారా అన్నది స్పష్టంగా రాయించండి. 2024 నవంబర్‌లో లెవోటోబి అగ్నిపర్వతం బూడిదకి బాలి విమానాలు ఆగిపోయాయి. ఇలాంటివాటికి కాంట్రాక్ట్‌లో 'వాతావరణం' అన్న మాట సరిపోదు.

డీలర్‌మీట్_డెస్క్
అందరి మాటా చదివి ఎండీ గారితో కూర్చున్నాం. పాస్‌పోర్ట్ లెక్క ముందు. 90 దాటితే ఫుకెట్, దాటకపోతే శ్రీ విజయపురం. సోమవారం ప్రయాణం, మంగళవారం ఉదయం లాంచ్, మధ్యాహ్నం స్కీములు, బుధవారం ఉదయం ఖాళీ, రాత్రి లాన్ మీద అవార్డులు, గురువారం తిరుగు. హోటల్ విమానాశ్రయం దగ్గరా, పటాంగ్‌లోనా?

తార్నాక_టికెట్లు
విమానాశ్రయం ద్వీపం ఉత్తరపు కొసన ఉంది. పటాంగ్‌కి దాదాపు గంట, కొండ రోడ్డు, సాయంత్రమైతే ఇంకా ఎక్కువ. మై ఖావో, బాంగ్ తావ్ వైపు దగ్గర, పెద్ద లాన్లు అక్కడే ఉన్నాయి. బజారుకి పటాంగ్ వెళ్తామన్న వాళ్లకి బుధవారం మధ్యాహ్నం రెండు బస్సులు పెట్టి ఆరుకల్లా వెనక్కి తెచ్చేయండి.

కూకట్‌పల్లి_సౌండ్
బుధవారం రాత్రికి లోపలి హాలు కూడా పట్టుకున్నారా? మంగళవారం వాడిన హాలే బుధవారం అర్ధరాత్రి దాకా మీ పేరు మీద ఉంచమనండి, ఎల్‌ఈడీ గోడ విప్పొద్దు. విప్పి మళ్లీ కట్టే కూలీ కంటే ఒక రోజు అద్దె చవక.

డీలర్‌మీట్_డెస్క్
హాలు రెండో రోజుకి వేరే అద్దె అడుగుతున్నారు.

నల్లకుంట_ప్లానర్
డిన్నర్ కనీస బిల్లు 124 మందికి ముందే ఒప్పుకుంటామని చెప్పండి, హాలు అద్దె అందులో కలిపేయమనండి. సంతకం పెట్టకముందు అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. పెట్టాక అడిగితే ఒప్పుకోరు.